కొత్తవాడ జంపఖానాల సైటుకు మైక్రోసాఫ్ట్ క్లారిటీ: దీర్ఘకాలం వాడిన తరువాత

వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేసే కాటన్ జంపఖానాలను అమ్మే ఒక చిన్న వెబ్‌సైటు నిర్వహణ కొన్నేళ్లుగా నా చేతిలో ఉంది. ఈ జంపఖానాలకు 'వరంగల్ దర్రీలు' అన్న పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) లభించింది కానీ, ఆ సంగతి తెలిసి వెతుక్కుంటూ వచ్చేవారు మా సైటుకు తక్కువ. పెళ్లికో, గృహప్రవేశానికో, భజన మందిరానికో కింద పరచడానికి గట్టిది ఏదైనా కావాలని వచ్చేవారే ఎక్కువ. వారు లోపలికి వచ్చి ఏం చూస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఏది కనిపించక వెళ్లిపోతున్నారు అన్నది తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ క్లారిటీ అనే ఉచిత సాధనాన్ని వాడుతూ వస్తున్నాను. చిన్న వ్యాపారానికి అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ సమీక్షలో చెబుతాను.

క్లారిటీ 2020 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. దీనికి రుసుము లేదు, సందర్శకుల సంఖ్యపై పరిమితి కూడా లేదు. సైటు పేజీల్లో ఒక చిన్న కోడ్ ముక్కను చేరిస్తే చాలు. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటుకైతే ఆ పని చేసిపెట్టే ప్లగిన్ (అదనపు భాగం) ఉంది. ఆ తరువాత ఒక్కొక్క సందర్శనలో వేలు ఎక్కడ తాకింది, పేజీని ఎంతవరకు జరిపారు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు అన్నది రికార్డింగుగా చూడవచ్చు. అనేక సందర్శనలను కలిపి, ఎక్కువగా తాకిన చోట్లను ఎర్రగా చూపే హీట్‌మ్యాపులు వేరుగా ఉంటాయి. ఏ స్పందనా లేని చోట తాకితే డెడ్ క్లిక్ అని, ఒకే చోట గబగబా పలుమార్లు తాకితే రేజ్ క్లిక్ అని, ఒక పేజీకి వెళ్లి వెంటనే వెనక్కి వస్తే క్విక్ బ్యాక్ అని గుర్తుపెట్టి, అలాంటి రికార్డింగులను ఏరి ముందు పెడుతుంది. పెట్టుకునే పద్ధతి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

రికార్డింగులు చూడటం మొదలుపెట్టగానే అర్థమయ్యే మొదటి విషయం ఏమిటంటే, సైటు యజమాని చూసే సైటు వేరు, కొనేవారు చూసే సైటు వేరు. యజమాని కంప్యూటరు ముందు కూర్చుని హోం పేజీ తెరుస్తాడు, పై నుంచి కిందికి వరుసగా చదువుతాడు. మా హోం పేజీలో వేయి స్తంభాల గుడి బొమ్మ, నేతగాళ్ల పనితనం గురించి నాలుగు పేరాలు, ఆ తరువాత సరుకు ఉండేవి. కొనేవారిలో చాలామంది ఆ పేజీని అసలు చూడనే లేదు. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకును నొక్కి, ఫోనులో నేరుగా ఒక జంపఖానా పేజీలో దిగుతున్నారు. ఇది ఎవరి దుకాణం, ఏ ఊరిది, ఫోను చేస్తే ఎత్తుతారా అన్న ప్రశ్నలకు ఆ ఒక్క పేజీలోనే జవాబు దొరకాలి. హోం పేజీలో ఎంత అందంగా రాసినా వారికి అది చేరదు. అందుకే ఇప్పుడు ప్రతి వస్తువు పేజీలోనూ ధర కింద ఊరి పేరు, చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి.

సైజుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సాధనం విలువ నాకు పూర్తిగా తెలిసింది అక్కడే. సైటును తయారుచేసిన సంస్థ కొలతలన్నీ సెంటీమీటర్లలో ఎక్కించింది. 12 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు ఉన్న జంపఖానా ఆ పేజీలో 366, 274 అన్న అంకెలుగా కనిపించేది. రికార్డింగులో వేలు ముందు ఆ అంకెల దగ్గర ఆగుతుంది, పైకి ఫోటో దగ్గరికి వెళుతుంది, మళ్లీ అంకెల దగ్గరికి దిగుతుంది. ఆపైన ఫోటో మీద ఒకసారి తాకుతుంది, ఏమీ జరగదు, వెంటనే మూడు నాలుగుసార్లు గబగబా తాకినట్టు చుక్కలు పడతాయి, రేజ్ క్లిక్ గుర్తు వస్తుంది, సందర్శన ముగుస్తుంది. వేర్వేరు ఊళ్లవారి, వేర్వేరు ఫోన్ల రికార్డింగుల్లో ఇదే వరుస కనిపించింది. అమ్మకాల లెక్కల్లో ఇది ఎప్పటికీ తేలదు. అక్కడ వీరంతా 'వచ్చి వెళ్లినవారు' అన్న ఒక్క అంకెలో కలిసిపోతారు.

ఫోటోను తాకుతున్నారంటే పెద్దదిగా చూడాలనుకుంటున్నారని ఊహించవచ్చు. కానీ పెద్దదిగా ఏం చూడాలనుకుంటున్నారు? దానికి క్లారిటీలో జవాబు లేదు. పరకాలలో ఉండే మా పెద్దమ్మ చేతికి ఆమె ఫోనునే ఇచ్చి, ఇంట్లో శుభకార్యానికి ఒక జంపఖానా చూడమని చెప్పి, నేను నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. ఆమె కూడా ఫోటో మీదే తాకింది. తరువాత ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "దారం దొడ్డుగున్నదా సన్నగున్నదా ఎర్కైతలేదు బిడ్డా. ఎనక దిక్కు గూడ గిట్లనే ఉంటదా? ఉల్టా ఏసుకుంటే నడుస్తదా?" అని అడిగింది. చేత్తో పట్టుకుని మడత విప్పి చూసే అలవాటు ఉన్నవారికి ఫోటోలో కావలసింది నేత, అంచు, వెనుక వైపు. పైనుంచి తీసిన రంగుల డిజైను బొమ్మ ఒక్కటే ఉంటే చాలదు. వేలితో పెద్దది చేసుకోగలిగే ఫోటోలు, అందులో ఒక మూలను మడిచి రెండు వైపులా చూపేది ఒకటి, మనుషులు వరుసగా కూర్చున్నది ఒకటి, కొలతలు అడుగుల్లో — ఈ మార్పుల తరువాత ఆ పేజీల్లో రేజ్ క్లిక్కులు అరుదైపోయాయి. ఫోను చేసేవారు కూడా ఇప్పుడు సైజు అడగడం లేదు, రంగు పోతుందా అని అడుగుతున్నారు. అది మంచి ప్రశ్న, సరుకు నచ్చినవారు అడిగే ప్రశ్న.

కొత్తగా వాడేవారు తెలుసుకోవలసిన ఒక అమరిక (సెట్టింగ్) ఉంది. సందర్శకుల గోప్యత కోసం క్లారిటీ మామూలు అమరికలోనే పేజీలోని అంకెలను, ఈమెయిల్ చిరునామాలను, ఫారంలో టైపు చేసే అక్షరాలను కప్పివేస్తుంది. ఫారం విషయంలో ఇది ఎంతైనా అవసరం. కానీ అమ్మకాల పేజీలో ధర, కొలత రెండూ అంకెలే కనుక, రికార్డింగులో అవి కూడా చుక్కలుగా మారి, కొనేవారు ఏ ధర దగ్గర ఆగారో మనకు తెలియకుండా పోతుంది. ధర, కొలత ఉన్న భాగాలను మాత్రమే అమరికల్లోకి వెళ్లి తెరిపించుకోవచ్చు. ఆ మార్పు తరువాతి రికార్డింగులకే వర్తిస్తుంది, పాతవాటికి వర్తించదు. కాబట్టి ఈ పని మొదటి రోజే చేసుకోవడం మంచిది.

ఇంతకంటే పెద్ద పరిమితి మరొకటి ఉంది. క్లారిటీ రికార్డింగు ఫోను తెరకు తీసిన వీడియో కాదు. పేజీ నిర్మాణాన్ని, వేలి కదలికలను నమోదు చేసుకుని, మనం చూసేటప్పుడు వాటితో ఆ సందర్శనను తిరిగి కట్టి చూపేది. అందువల్ల హన్మకొండలో ఫైబర్ కనెక్షన్ ఉన్న గదిలో కూర్చుని చూస్తే ఫోటోలన్నీ టక్కున ప్రత్యక్షమవుతాయి. ఏటూరునాగారం దారిలో బస్సులో కూర్చుని, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్న ఫోనులో చూసిన మనిషికి ఆ చోట తెల్లటి ఖాళీ మాత్రమే కనిపించి ఉండవచ్చు. వేలు కదలకుండా ఆగి ఉన్న క్షణాలను చూసి 'శ్రద్ధగా చదువుతున్నారు' అని సంబరపడటం ఇక్కడే ప్రమాదకరం. వారు చదువుతూ ఉండవచ్చు, ఫోటో రాక ఎదురుచూస్తూ ఉండవచ్చు.

ఈ లోటును, పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో కొలిచే గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ కొంతవరకు తీరుస్తుంది. పేజీలో ప్రధానమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు తెరమీదికి రావాలన్నది అందులో మంచి సైటుకు పెట్టిన కొలత. వేలు తాకిన తరువాత 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలన్న కొలత 2024 మార్చిలో ప్రధాన కొలతల్లో చేరింది. ఇందులో క్రోమ్ బ్రౌజరు వాడే నిజమైన మనుషుల 28 రోజుల అనుభవం కూడా చూపుతారు గానీ, సందర్శకులు తక్కువగా ఉండే మనలాంటి సైట్లకు ఆ భాగం తరచూ ఖాళీగానే ఉంటుంది. అలాంటప్పుడు నా దృష్టిలో నమ్మదగిన పరీక్ష చౌక ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై ఆపేసి, బ్రౌజరులో దాచి ఉంచినవన్నీ తుడిచేసి, పేజీ తెరవడం. మా సైటులో కెమెరా నుంచి తీసినవి తీసినట్టే ఎక్కించిన ఫోటోలను చిన్నవి చేయడంతోనే తేడా కంటికి కనిపించింది.

డెలివరీ ఖర్చు దగ్గరికి వస్తే, క్లారిటీలో చూడనక్కరలేనంత స్పష్టంగా ఉంటుంది కొనేవారి ప్రవర్తన. పెద్ద జంపఖానా బరువైనది, కొరియరు ఖర్చు తక్కువేమీ కాదు. చివరి పేజీలో ఆ ఖర్చు కలిసి మొత్తం పెరగగానే వేలు నేరుగా వెనక్కి వెళ్లే గుర్తు మీదికి పోతుంది. ధరను ముక్కలు ముక్కలుగా బయటపెట్టడం చట్టపరంగానూ తప్పే. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం డెలివరీ, పన్ను వంటివన్నీ కలిపిన మొత్తం ధరను ఒకే అంకెగా, దాని విడి లెక్కతో సహా చూపాలి. ఫిర్యాదు అందితే 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో ధరను చివరిదాకా దాచడం ఒకటి, లేని తొందరను పుట్టించడం మరొకటి. మార్కెటింగ్ చేసిపెడతామని వచ్చిన ఒక ఏజెన్సీ 'రెండే మిగిలాయి' అనే అక్షరాలను, వెనక్కి నడిచే గడియారాన్ని ప్రతి పేజీలో పెట్టమని గట్టిగా సలహా ఇచ్చింది. మగ్గం మీద మరొకటి సిద్ధమవుతూ ఉండగా ఆ మాట రాయడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పుడు పిన్‌కోడ్ పెట్టె ధర పక్కనే ఉంది. 505, 504తో మొదలయ్యే కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పిన్‌కోడ్లకు, బస్టాండులో తీసుకుంటామంటే ఆర్టీసీ కార్గోలో పంపే వీలు కూడా అక్కడే కనిపిస్తుంది.

వాట్సాప్ బటన్ విషయంలో రికార్డింగులు మరొక దారి చూపాయి. ఆన్‌లైనులో చెల్లించే బటన్ మీద కంటే ఆకుపచ్చ బటన్ మీదే ఎక్కువమంది వేలు పెడుతున్నారు. మన దగ్గర మాట్లాడకుండా కొనడం అలవాటు లేనివారు ఇంకా ఎందరో ఉన్నారు, అందులో తప్పూ లేదు. అయితే బటన్ నొక్కినవారు అటు నుంచి 'హాయ్' అని మాత్రమే పంపేవారు, ఏ జంపఖానా చూశారో తెలిసేది కాదు. వాట్సాప్ లింకులోనే వస్తువు పేరు, సైజు ముందుగా రాసి ఉండేలా పెట్టవచ్చు. అలా పెట్టిన తరువాత మొదటి సందేశంతోనే బేరం అసలు విషయంలోకి వస్తోంది. ఆ తరువాత వాట్సాప్‌లో జరిగే మాటలు క్లారిటీకి కనిపించవు. ఎవరైనా ఫోటోను తీసి ఇంట్లోవారికి పంపి, వారు నేరుగా ఫోను చేస్తే అదీ కనిపించదు. కాబట్టి సైటు ఫలితాన్ని ఈ సాధనంలోని అంకెలతోనే తూచకూడదు.

హీట్‌మ్యాపుల మీద నాకు పెద్ద నమ్మకం కుదరలేదు. వేలమంది వచ్చే సైటుకు అవి మేలే కావచ్చు. రోజుకు కొద్దిమంది మాత్రమే వచ్చే సైటులో ఇద్దరు ముగ్గురు తెలిసినవారు ఊరికే నొక్కినా రంగు మారిపోతుంది. మన ఇంటివారి, పనివారి సందర్శనలను ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షనుకు ఉండే సంఖ్య) ఆధారంగా తప్పించే వీలు ఉంది కానీ, మొబైల్ డేటాలో ఆ చిరునామా మారుతూ ఉంటుంది కనుక అది పూర్తిగా పనిచేయదు. చిన్న సైటుకు పది హీట్‌మ్యాపుల కంటే ఓపికగా చూసిన ఒక్క పూర్తి రికార్డింగు ఎక్కువ చెబుతుంది.

గోప్యత గురించి ఒక మాట. సందర్శనలు నమోదవుతున్నాయని సైటులోని ప్రైవసీ పేజీలో చెప్పాలని క్లారిటీ షరతుల్లోనే ఉంది. మా సైటులో అది తెలుగులోనూ రాశాము. ఆసుపత్రులు, ఆర్థిక సేవలు, ప్రభుత్వ సేవల వంటి సున్నితమైన సమాచారం ఉండే సైట్లలో దీనిని వాడకూడదు. డయాగ్నస్టిక్ సెంటరు నడిపే మిత్రుడొకరు అడిగితే వద్దనే చెప్పాను.

ఎవరికి పనికొస్తుంది అంటే, సొంత సైటు ఉండి, దానిని మార్చే అధికారం, తీరిక తమ చేతిలో ఉన్న చిన్న వ్యాపారులకు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో ఉచితంగా వచ్చే వెబ్‌సైట్లను 2024 మార్చిలో నిలిపివేసిన తరువాత, సొంత సైటు కట్టించుకున్న దుకాణాలు మన వైపు కొన్ని ఉన్నాయి. సైటు కట్టి ఇచ్చినవారికి ప్రతి చిన్న మార్పుకూ డబ్బు చెల్లించవలసి ఉంటే మాత్రం రికార్డింగులు చూసి బాధపడటం తప్ప లాభం ఉండదు. ముందు ఆ ఒప్పందం సరిచూసుకోవాలి. ఇంకొక సంగతి: మామూలు రికార్డింగులు 30 రోజులే నిలుస్తాయి, ఇష్టమైనవిగా గుర్తుపెట్టినవి మాత్రం ఎక్కువ కాలం ఉంటాయి. జంపఖానాల గిరాకీ పెళ్లిళ్ల ముహూర్తాలను బట్టి నడిచేది కనుక, మాఘ మాసంలో వచ్చినవారి రికార్డింగుల్లో ముఖ్యమైనవాటిని గుర్తుపెట్టి ఉంచుతున్నాను. శ్రావణంలో మళ్లీ గిరాకీ మొదలయ్యేలోపు పేజీలు మార్చుకోవడానికి అవే ఆధారం.