డైన్ పెన్: మూడేళ్ల వాడకం తర్వాత

కర్నూలులో పప్పు మిల్లులకు, విత్తనాల అంగళ్లకు పాలిథీన్ ప్యాకింగ్ కవర్ల మీద పేర్లు అచ్చువేసే చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపు నాది. మూడేళ్ల కిందట ఒక వేసవిలో పంపిన రెండు వేల కవర్లు, మిల్లు పేరు చేతులకు అంటుకుని సగం చెరిగిపోతోందంటూ వెనక్కి వచ్చాయి. ఇంకు ఎప్పుడూ వాడేదే, ఆరబెట్టడంలోనూ తొందరపడలేదు. ఆ నష్టం తర్వాతే, ఫిల్మ్ పైభాగం ఇంకు పట్టే స్థితిలో ఉందో లేదో గీత గీసి చూసే 38 డైన్ల పెన్ను కొన్నాను.

పాలిథీన్ గొలుసుల్లో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ ఉండవు. ఆ బంధాలు గట్టివే గాని, ఇంకును పట్టి ఉంచే ధ్రువ సమూహాలు (కొద్దిపాటి విద్యుదావేశం ఉండే పరమాణువుల గుంపులు) పైన లేనందువల్ల దాని ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీద పరుచుకోనిచ్చే గుణం, సెంటీమీటరుకు సుమారు 31 డైన్ల దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఫిల్మ్ తయారీలో కరోనా ట్రీట్‌మెంట్ చేస్తారు (జబ్బుకు ముందునుంచీ ఉన్న పేరే ఇది). అధిక వోల్టేజి విద్యుత్తుతో పైపొరలోని కొన్ని బంధాలను తెంచి, అక్కడ ఆక్సిజన్ ఉన్న సమూహాలు ఏర్పడేలా చేయడమే ఆ పని.

పెన్నుతో గీత గీసి రెండు సెకన్లు చూడాలి. గీత చెదరకుండా నిలిస్తే కనీసం 38 డైన్లు ఉన్నట్టే. వెనక్కి వచ్చిన కవరు మీద గీసినప్పుడు, నూనె రాసిన పెనం మీద చల్లిన నీళ్లలా అది క్షణంలో చుక్కలుగా విడిపోయింది. ఆ కవర్ల ఫిల్మ్ రోలును నేను రేకుల గదిలో నెలల తరబడి ఉంచాను. వేడికి ధ్రువ సమూహాలు లోపలివైపు తిరుగుతాయి, ఫిల్మ్‌లో కలిపిన జారుడు పదార్థం పైకి తేలుతుంది, ట్రీట్‌మెంట్ తరిగిపోతుంది. సరఫరాదారును తిట్టుకున్నాను గాని, తప్పులో పెద్ద వాటా నాదే. ఒక వైపే ట్రీట్ చేసిన ఫిల్మ్‌లో ఆ వైపు ఏదో తేల్చుకోవడానికీ ఈ పెన్నే ఆధారం.

లోపాలూ ఉన్నాయి. జిడ్డు ఫిల్మ్ మీద గీస్తే మొన మురికిపట్టి, ఆ తర్వాత తప్పు ఫలితం చూపిస్తుంది. అందుకే ఇప్పుడు వాడుతున్నది ఐదో పెన్ను. చాలా పెన్నుల ద్రవంలో ఫార్మమైడ్ ఉంటుంది గనుక చేతికి తగలనివ్వకూడదు, గీత పడిన ముక్కను ప్యాకింగులో కలపకూడదు. పైగా గీత నిలిచినంత మాత్రాన ఇంకు నిలుస్తుందన్న హామీ లేదు. అచ్చు ఆరాక సెలోటేపు అంటించి లాగి చూడనిదే నేను ఏ మూటా కట్టించడం లేదు.