తరలింపా, ఉన్నచోటే రక్షణా: బాలానగర్ షెడ్లకు ఏది మేలు?

హైదరాబాద్ పారిశ్రామికవాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకూ మార్చుకునే వీలు కల్పించే విధానాన్ని 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన నాటి నుంచి పాఠకులు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: చిన్న పరిశ్రమలు ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి వెళ్లడం మేలా, నగరంలోనే నిలవడం మేలా? ప్రమాదకర రసాయనాల యూనిట్ల విషయంలో వాదన అక్కర్లేదు. జనావాసాల మధ్య నుంచి అవి వెళ్లాల్సిందే. బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లి వంటి చోట్ల లేత్‌లు, మిల్లింగ్ యంత్రాలు నడిపే చిన్న షెడ్ల సంగతే ఇక్కడ తేలవలసి ఉంది.

తరలింపు వల్ల మేలు లేకపోలేదు. 2019లో చౌటుప్పల్ మండలం దండుమల్కాపురంలో ప్రారంభమైన ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కు లాంటి చోట విశాలమైన రోడ్లు, విస్తరణకు జాగా, అన్నిటికీ మించి సొంత స్థలం దొరుకుతాయి. ఏళ్ల తరబడి అద్దె షెడ్డులో నెట్టుకొస్తున్న వారికి అది చిన్న విషయం కాదు. పనులన్నీ ఒకే కప్పు కింద చేసుకోగల మధ్యతరహా యూనిట్ అయితే వెళ్లడమే మంచిది.

అయితే చిన్న షెడ్డు ఒక్కటే అన్ని పనులూ చేయదు. ప్లాస్టిక్ వస్తువులను పోతపోసే అచ్చు (మౌల్డ్) తయారీనే చూడండి. స్టీలు దిమ్మెను ఒక చోట కోస్తారు, మరో షెడ్డులో మిల్లింగ్ చేస్తారు, వేడిచేసి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్‌కు ఇంకొకరికి పంపుతారు, అక్కడి నుంచి గ్రైండింగ్‌కూ, విద్యుత్ తీగతో కోసే వైర్‌కట్‌కూ, పాలిషింగ్‌కూ ట్రాలీ ఆటోలో తిప్పుతారు. హార్డ్‌నెస్ (గట్టిదనం) సరిగా రాకపోతే ఆ సాయంత్రమే వెనక్కి పంపి సరిచేయించుకుంటారు. ఒకరి పనిని మరొకరు కూలికి చేసిపెట్టే ఈ జాబ్ వర్క్ గొలుసులో ఒక్కో మజిలీ నలభై కిలోమీటర్ల దూరమైతే, గంటల్లో తేలే పనికి రోజులు పడతాయి, ఆర్డరు చేజారుతుంది. నా లెక్కలో అసలు తీర్పు ఇచ్చేది ఈ ఇరుగుపొరుగే. భూమి ధర, పన్ను రాయితీ తర్వాతి మాటలు.

ఇష్టమున్న యజమానులే మార్చుకుంటారు కదా, మిగతావారికి నష్టమేమిటని కొందరంటారు. హీట్ ట్రీట్‌మెంట్ చేసే పక్క షెడ్డు స్థానంలో అపార్టుమెంటు లేస్తే, కదలకుండా ఉన్నవాడి పనీ ఆగుతుంది. కొద్ది నెలల్లో శబ్దం గురించి ఫిర్యాదులూ మొదలవుతాయి. పైగా, మార్చుకోవచ్చన్న ఆశ పుట్టగానే యజమాని దీర్ఘకాల లీజు రాయడానికి జంకుతాడు, లీజు లేని అద్దెదారు అప్పు చేసి కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ యంత్రం కొనడు.

అందుకే ఉన్నచోటే రక్షణ వైపు నేను మొగ్గుతున్నాను. షికాగో నగరం 1988లో క్లైబోర్న్ ప్రాంతంలో భూమిని తయారీ రంగానికే కేటాయిస్తూ ప్రత్యేక మండలాన్ని ఏర్పరచింది. భూముల ధరల ఒత్తిడికి అక్కడ కూడా 2017లో ఆ రక్షణను సడలించారు కనుక, ఇది శాశ్వత కవచమని చెప్పలేను. రక్షణతో పాటు లోహపు పూత వేసే ప్లేటింగ్ యూనిట్ల వ్యర్థజలాల శుద్ధికి ఉమ్మడి ఏర్పాటు, లారీ తిరిగేంత రోడ్డు కూడా నగరమే కల్పించాలి. లేకపోతే అది కాగితం మీది రక్షణే.

ఇతర మార్గాలూ వినిపిస్తుంటాయి. సింగపూర్‌లోని ప్రభుత్వ సంస్థ జేటీసీ తరహా అంతస్తుల ఫ్యాక్టరీలు ఎలక్ట్రానిక్స్, అసెంబ్లీ పనులకు చక్కగా కుదురుతాయి. బరువైన ప్రెస్సులకు కింది అంతస్తే కావాలి. విద్యుత్ రాయితీలు ఊరటే తప్ప, షెడ్డు ఖాళీ చేయమన్న నోటీసును ఆపలేవు.

భూవినియోగ మార్పిడి తప్పదనుకుంటే, షికాగో 2017లో చేసినట్టు, అందుకు వసూలైన రుసుములో కొంతైనా ఇతర పారిశ్రామికవాడల అభివృద్ధికి మళ్లించాలి. తరలించే పక్షంలో షెడ్లను విడివిడిగా కాక, హీట్ ట్రీట్‌మెంట్ నుంచి పాలిషింగ్ దాకా గొలుసు మొత్తాన్ని ఒకే చోటికి, ఒకేసారి తరలించాలి. కొత్త చోట పని మొదలయ్యే వరకు పాత షెడ్డు లీజు కొనసాగాలి.