పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? పెట్టెలో వచ్చే హాష్ కార్డును నమ్మకండి

లిబ్రెఆఫీస్ (వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు వాడేది), లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) లాంటివి నింపి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పెన్‌డ్రైవ్‌ల మీద "ఒరిజినల్, హాష్ వెరిఫైడ్" అని కనిపిస్తే కాస్త ఆగండి. నేను తెప్పించిన దాంట్లో లిబ్రెఆఫీస్ ఫైలు ఒరిజినల్ కాదు. ఒకే ఫోటోతో ఇదే సరుకు వేర్వేరు పేర్ల మీద అమ్ముతున్నారు కాబట్టి పేరు చూసి తప్పించుకోలేరు. పరీక్షించడం తెలుసుకోండి.

మా చిన్నాన్న కూతురు డిగ్రీ చదువుతోంది. వాళ్ల ఊళ్లో నెట్ అంతంతమాత్రం. దాదాపు 3 జీబీ ఉండే మింట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) దించుకోబోతే మధ్యలోనే తెగిపోతుంది. అందుకే పెన్‌డ్రైవ్ కొన్నాను. ఇవి ఉచిత సాఫ్ట్‌వేర్లు, కాపీ చేసి అమ్ముకోవడానికి లైసెన్సే ఒప్పుకుంటుంది. అందులో తప్పేమీ లేదు.

పెట్టెలో ఒక కార్డు వచ్చింది. దాని మీద ఒక్కో ఫైలుకూ షా-256 హాష్ అచ్చేసి ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ఫైల్లోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని తేల్చే 64 అక్షరాల గుర్తు అది. ఫైలు పేరు మార్చినా, తేదీ మార్చినా అది మారదు. లోపల ఒక్క బిట్ మారితే మాత్రం పూర్తిగా వేరే గుర్తు వస్తుంది.

ఏదీ ఇన్‌స్టాల్ చేయకముందే విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ కమాండ్ నడిపాను. కార్డు మీది దానితో పొల్లు పోకుండా సరిపోయింది. చాలామంది ఇక్కడితో తృప్తిపడతారు, కార్డు పెట్టిందే అందుకు. ఫైలు మార్చినవాడికి మార్చిన ఫైలు హాష్ అచ్చేయడం ఎంతసేపు? లిబ్రెఆఫీస్ సొంత సైట్‌లో అదే వెర్షన్‌కి ఇచ్చిన హాష్ తీసి పక్కన పెడితే అసలు పొంతనే లేదు. మింట్ ఫైలు మాత్రం మింట్ వాళ్ల హాష్‌తో కలిసింది. లినక్స్ వాడేవాళ్లు హాష్ చూస్తారని తెలిసే దాన్ని ముట్టుకోలేదని నా అనుమానం.

హాష్ కలవనంత మాత్రాన వైరస్ ఉందని కాదు. వెర్షన్ వేరైనా, కాపీ సగంలో పాడైనా కలవదు. అందుకే ఇంకా చూశాను. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, అసలు ఇన్‌స్టాలర్‌కి డిజిటల్ సిగ్నేచర్స్ అనే ట్యాబ్‌లో లిబ్రెఆఫీస్‌ను విడుదల చేసే ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరు ఉంటుంది. దీనికి ఆ ట్యాబే లేదు. తర్వాత, ఫైళ్లను చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో ఆ హాష్‌ను వెతికాను. ఇంతమంది వాడే ఇన్‌స్టాలర్ అక్కడ ఎప్పుడో ఎక్కి ఉండాలి. ఇది మాత్రం అక్కడ ఎవరూ చూడని ఫైలు. అంటే ఎవరో విప్పి మళ్లీ కట్టిన ఫైలు అయి ఉండాలి.

అమ్మకందారుకి రాస్తే వచ్చిన జవాబు: "వైరస్ అని ఎక్కడా చూపించలేదు కదండీ, యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోండి." ఈ మాట ఎవరన్నా సరే, ఆ సరుకు వెనక్కి పంపేయండి. వైరస్‌టోటల్ జాబితాలో లేనంత మాత్రాన ఫైలు మంచిదని అర్థం కాదు. ఆ మాటకొస్తే తెలిసిన ఫైళ్ల జాబితాలో ఉన్నదీ మంచిదే కానక్కర్లేదు. అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఫోరెన్సిక్ పరిశోధకుల కోసం తెలిసిన సాఫ్ట్‌వేర్ ఫైళ్ల హాష్‌లతో పెద్ద జాబితా నడుపుతుంది. హ్యాకింగ్ పనిముట్ల హాష్‌లు కూడా అందులో ఉంటాయి. అక్కడ దొరికితే అది ఏ ఫైలో తెలుస్తుంది, అంతే. నేను పెట్టిన రివ్యూ తీసేస్తే డబ్బు వెనక్కిస్తామని కూడా ఆ అమ్మకందారు అన్నారు. నేను తీయలేదు.

తయారీదారు సైటే దొంగల చేతిలో పడితే? అదీ జరిగింది. 2016 ఫిబ్రవరి 20న మింట్ సైట్‌లోకి చొరబడి, మింట్ 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకును బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) ఉన్న ఐఎస్ఓ వైపు మళ్లించారు. పేజీని మార్చగలిగినవాడు అందులోని హాష్‌నీ మార్చగలడు. అందుకే మింట్ వాళ్లు హాష్‌ల ఫైలుకి జీపీజీ సంతకం (తమ దగ్గరున్న రహస్య కీతో వేసే డిజిటల్ సంతకం) కూడా ఇస్తారు. వీలైతే దాన్నీ సరిచూడండి. 2017లో, కంప్యూటర్‌లోని చెత్త ఫైళ్లు తుడిచే సీక్లీనర్ 5.33 విషయంలో ఇవేవీ పనికిరాలేదు, ఎందుకంటే కల్తీ జరిగింది తయారీదారు దగ్గరే, సంతకం కూడా అసలుదే. అలాంటివి అరుదు. పెన్‌డ్రైవ్ కల్తీని మాత్రం ఈ పరీక్షలు పట్టిస్తాయి.

కార్డు మీద 32 అక్షరాలే ఉంటే అది ఎండీ5 అనే పాత రకం హాష్. ఒకే ఎండీ5 వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లు తయారుచేయడం 2004 నుంచే సాధ్యం, కాబట్టి దాని మీద ఆధారపడకండి. కార్డు మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయకండి, తయారీదారు సైట్ అడ్రసు మీరే టైప్ చేయండి. హాష్ పేజీ తెరవడానికి ఫోన్ నెట్ చాలు. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయకుండా మొత్తం 64 అక్షరాలూ పోల్చండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లుంటే, ఆ కంప్యూటర్‌ను నెట్ నుంచి తీసేసి, బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి ఇవాళే మార్చుకోండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకండి, ఫిర్యాదుకి సాక్ష్యం అదే.