జాతి పిల్లా, ఇంటి పిల్లా? క్యాట్ షోకి ఏది మేలు?

మొన్న బతుకమ్మ ఆడుతున్నచోట పరిచయమైన ఒకావిడ అడిగారు, "మాది మామూలు పిల్లేనండీ, షోకి వెళ్లాలంటే ముందు ఒక పర్షియన్‌నో మెయిన్ కూన్‌నో కొనాలి కదా?" అని. అక్కర్లేదన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు, అప్పటికే నా ఫోన్లో మా పర్షియన్ ఫొటో చూసేశారు కదా. రెండు రకాలుగానూ షోలకు తిరిగాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మేముండేది ఒహాయోలో. ఇంట్లో రెండు పిల్లులు. బంటిగాడు నలుపూ తెలుపూ కలిసిన మగపిల్లి, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, తోక చివర మెలిక తిరిగి ఉంటుంది, చిన్నప్పుడు తలుపు సందులో పడిందో పుట్టుకతోనే అంతో తెలీదు. మల్లి తెల్ల పర్షియన్, రాగి రంగు కళ్లు, బ్రీడర్ దగ్గర కొన్నది. వంశం రాసిన రిజిస్ట్రేషన్ కాగితాల్లో దాని పేరు ఒక లైను పొడుగుంటుంది, ముందు బ్రీడర్ క్యాటరీ (పిల్లుల్ని పెంచి అమ్మే చోటు) పేరు, ఆ తర్వాత ఇంకేదో, ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదపదు. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. శనివారం తెల్లారకుండానే రెండు క్యారియర్లు కార్లో పెట్టుకుని బయల్దేరుతుంటే మా అమ్మ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో చూసి, "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్లికి పోయినట్టుంది మీ సంబడం" అంది. పిల్లికే పెళ్లమ్మా అన్నాను.

అసలు తేడా ఎక్కడుందంటే, జడ్జి మీ పిల్లిని దేనితో పోల్చి చూస్తారన్న దగ్గర. జాతి పిల్లినైతే ఆ జాతికి రాసిపెట్టుకున్న ప్రమాణంతో పోలుస్తారు. అమెరికాలో పాత సంస్థ సీఎఫ్ఏ (క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్), 1906లో పెట్టారు, దాని లెక్కలో పర్షియన్‌కి మొత్తం 100 మార్కులు: తలకి, అంటే కళ్ల ఆకారం, చెవుల అమరిక అన్నీ కలిపి 30, ఒంటి తీరుకి 20, రంగుకి 20, కళ్ల రంగుకి 10, సమతూకానికి 5, సొగసుకి 5, బొచ్చుకి 10. అంటే నేను ఉతికి ఆరేసి దువ్వి చేతులు పడిపోయేలా చాకిరీ చేసే ఆ బొచ్చుకి పదే మార్కులు! మొదటిసారి చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మిగతాదంతా దాని తల్లీ తండ్రీ తాతముత్తాతలు ఇచ్చింది, మనం చేయగలిగింది ఏమీ లేదు. తోకలో మెలిక ఉన్నా, ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చ ఉన్నా, వేళ్లు ఒకటి ఎక్కువైనా పర్షియన్‌కి అక్కడితో సరి, మిగతాదెంత అందంగా ఉన్నా బహుమతి రాదు.

ఇంటి పిల్లుల విభాగాన్ని హౌస్‌హోల్డ్ పెట్ అంటారు, ఇక్కడ అలాంటి ప్రమాణమే లేదు. ఒళ్లు ఆరోగ్యంగా ఉందా, శుభ్రంగా ఉందా, చెయ్యి వేస్తే ఎలా ఉంటుంది, చూడగానే ఆకట్టుకునేది ఏముంది, ఇంతే. ఎనిమిది నెలలు దాటితే ఆపరేషన్ అయ్యుండాలి, అదొక్కటే గట్టి నిబంధన. మూడు కాళ్ల పిల్లి, ఒంటికన్ను పిల్లి కూడా రావచ్చు, గెలవచ్చు. బంటిగాడి తోకని ఒక జడ్జి పైకెత్తి పట్టుకుని "ఇదిగో, మీ ప్రశ్నార్థకం" అని అందరికీ చూపించి నవ్వించాడు, ఆ రింగులో (ఒక్కో జడ్జి పిల్లుల్ని చూసే చోటుని రింగు అంటారు) వాడికి మూడో స్థానం రిబ్బను వచ్చింది. అదే తోక మల్లికి ఉండుంటే మేం పొద్దున్నే ఇంటికి వచ్చేసేవాళ్లం.

అలాగని హౌస్‌హోల్డ్ విభాగమే గొప్ప అనడం లేదు. ఓడిపోయినప్పుడు ఎందుకు ఓడిపోయామో తెలీదు, అది నాకు చిరాకు. ఒకే రోజు, ఒకే హాల్లో, ఒక జడ్జి దగ్గర బంటికి మొదటి స్థానం, పక్క రింగులో ఇంకో జడ్జి దగ్గర మొదటి పదిలో కూడా లేడు. ఆయనకు నచ్చింది, ఈవిడకు నచ్చలేదు, అంతే సంగతి. మల్లి విషయంలో అలా కాదు, చెవులు కాస్త పెద్దవి, గడ్డం ఇంకొంచెం బలంగా ఉండాల్సింది అని జడ్జి తేల్చి చెప్పేస్తుంది, మనసు చివుక్కుమన్నా ఒక విషయం నేర్చుకుంటాం. పిల్లుల గురించి నాకు తెలిసిన దాంట్లో సగం పర్షియన్ రింగు ముందు కూర్చుని విన్నదే.

బిరుదుల నిచ్చెన మాత్రం రెండింటికీ ఉంది. 1979లో మొదలైన టికా (మన టీకా మందు కాదు, ఇంటర్నేషనల్ క్యాట్ అసోసియేషన్) ఇందులో ఉదారంగా ఉంటుంది: జాతి పిల్లి ఛాంపియన్, గ్రాండ్ ఛాంపియన్ అంటూ సుప్రీమ్ గ్రాండ్ ఛాంపియన్ దాకా ఎక్కితే, ఇంటి పిల్లి మాస్టర్, గ్రాండ్ మాస్టర్ అంటూ సుప్రీమ్ గ్రాండ్ మాస్టర్ దాకా ఎక్కుతుంది. పై మెట్టుకి 6000 పాయింట్లు, దాంతోపాటు ఒక ఫైనల్లో, అంటే ఒక జడ్జి చివర్లో ఏరి పెట్టే మేటి పిల్లుల్లో, మొదటి స్థానం కావాలి. షెల్టర్లో పడుకున్న పిల్లికి అంత పొడుగు బిరుదు రావడం నాకు భలే సరదా. ఇంగ్లండ్‌లో 1910 నుంచి ఉన్న పిల్లుల సంస్థ జీసీసీఎఫ్ (గవర్నింగ్ కౌన్సిల్ ఆఫ్ ది క్యాట్ ఫ్యాన్సీ) కూడా ఇంటి పిల్లులకు మాస్టర్ క్యాట్ బిరుదు ఇస్తుంది. లండన్, బర్మింగ్‌హామ్ వైపు ఉన్న మనవాళ్లకు ఒక మాట, అక్కడి పాత పద్ధతి షోల్లో దుప్పటి, నీళ్ల గిన్నె, లిట్టర్ ట్రే అన్నీ తెల్లగానే ఉండాలి, తీర్పు జరిగేటప్పుడు ఓనర్లు హాలు బయటికి వెళ్లిపోవాలి, ఏ పిల్లి ఎవరిదో జడ్జికి తెలియకూడదని. ఇక్కడ అమెరికాలో మేం రింగు ముందే కుర్చీలేసుకుని కూర్చుంటాం, బోనుకి రంగురంగుల తెరలు కుట్టుకుని వస్తాం.

ఇక చాకిరీ. బంటికి షో ముందురోజు గోళ్లు తీయడం, చెవులు తుడవడం, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఒకసారి దువ్వడం, అరగంటలో అయిపోతుంది, మధ్యలో వాడు పారిపోయే టైమ్ కలుపుకుని. మల్లికైతే శుక్రవారం సాయంత్రమంతా దానికే. ముందు జిడ్డు పోవడానికి గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, తర్వాత షాంపూ, కండిషనర్, మళ్లీ నీళ్లు, వేలితో రాస్తే బొచ్చు కిర్రుమనాలి, అప్పటిదాకా కడగాలి. ఆ తర్వాత బ్లోయర్‌తో ఆరబెట్టడం, స్టీలు దువ్వెనతో కుదుళ్ల నుంచి పాయ పాయ విడదీస్తూ. మధ్యలో ఆపితే బొచ్చు ఉంగరాలు తిరిగిపోతుంది, మళ్లీ తడపాలి. ఆరిన తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితం మధ్యలో చిల్లు చేసి మెడకి తొడుగుతాం, కంటి నీళ్లూ తిండీ ఛాతీ మీద పడి మరక కాకుండా. ఆ కాగితం కాలర్‌తో అది పాత నాటకంలో రాణీగారిలా నడిచి వచ్చి నా వంక చూస్తుంది చూడండి, పాపం అనిపిస్తుంది. ఇదంతా షోకి ముందురోజు మాత్రమే, మామూలు రోజుల్లో కూడా పూటకోసారి దువ్వకపోతే చంకల్లో జడలు కట్టేస్తుంది. ఆఫీసూ, పిల్లలూ, వంటా చూసుకుంటూ ఇది మీవల్ల అవుతుందా అన్నది ముందు ఆలోచించుకోండి. జాతి పిల్లే కావాలనుకుంటే పొట్టి బొచ్చు జాతి చూసుకోండి, సగం ప్రాణం మిగులుతుంది.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎంట్రీ ఫీజు తేడా పెద్దగా ఉండదు, ఇంటి పిల్లులకు కొన్ని క్లబ్బులు కొంత తగ్గిస్తాయి. పెట్రోలు, హోటలు రెండింటికీ ఒకటే. తేడా అంతా పిల్లి ధర దగ్గరే. షోకి పనికొచ్చే పిల్లిపిల్లని మంచి బ్రీడర్లు కొత్తవాళ్లకి అంత తేలిగ్గా ఇవ్వరు, ఇచ్చినా ధర గట్టిగానే ఉంటుంది.

జబ్బుల గురించి మాత్రం నిదానంగా చదవండి. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటి తిత్తులు వచ్చే జబ్బుంది, వంశపారంపర్యం, తల్లీతండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. డీఎన్ఏ పరీక్ష ఉంది, కాబట్టి తల్లీతండ్రులిద్దరి రిపోర్టులూ చూపించని బ్రీడర్ దగ్గర కొనొద్దు. మెయిన్ కూన్‌లలో గుండె కండరం మందమయ్యే జబ్బు ఉంది, దానికీ అంతే. చెవులు మడిచినట్టుండే స్కాటిష్ ఫోల్డ్ ముద్దుగా ఉంటుంది, కానీ ఆ చెవి మడతకు కారణమైన లోపమే కీళ్లను కూడా పాడు చేస్తుంది, అందుకే జీసీసీఎఫ్ దాన్ని రిజిస్టర్ చేయదు. నేనైతే ఎంత రిబ్బన్లు వచ్చినా ఆ జాతి జోలికి పోను.

అంటు జబ్బులకు మాత్రం జాతి, ఇల్లు తేడా లేదు. ఒక షో నుంచి వచ్చిన రెండు వారాలకి మల్లి చెవి వెనక రూపాయి బిళ్లంత బొచ్చు ఊడింది, చూస్తే తామర. పొడుగు బొచ్చు పిల్లికి తామర వస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది: ఆ బొచ్చంతా కత్తిరించి, వారానికి రెండుసార్లు లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిసిన మందు) నీళ్లలో ముంచాలి, ఇల్లంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన, నా చేతిక్కూడా అంటుకుంది. జడ్జిలు పిల్లి పిల్లికీ మధ్య బల్లా చేతులూ శుభ్రం చేసుకుంటూనే ఉంటారు, తప్పు ఎవరిదని అనలేను, పక్క బోనులోంచి వచ్చిందో, మేం అందరితో ముద్దులాడించిందో. ఆ సంవత్సరం మల్లి షోలు అక్కడితో ఆగిపోయాయి. బంటిక్కూడా అంటింది కానీ, పొట్టి బొచ్చు కాబట్టి త్వరగా తగ్గింది.

ఒహాయోలోనే అలయన్స్ అనే ఊళ్లో పిల్లుల మ్యూజియం ఉంది, సీఎఫ్ఏ ఫౌండేషన్‌ది. అక్కడ ఒక వెండి కాలర్ పెట్టారు, 1895లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన షోలో కోసీ అనే పిల్లి గెలుచుకున్నది. కోసీ మెయిన్ రాష్ట్రపు పిల్లి, ఆ రోజుల్లో అవి పొలాల్లో ఎలుకలు పట్టుకునే పిల్లులే, ఇప్పుడేమో మెయిన్ కూన్ అంటే కాగితాలున్న ఖరీదైన జాతి. ఇంకా వెనక్కి వెళ్తే 1871 జులైలో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదటి పెద్ద షో పెట్టిన హారిసన్ వీర్ ఉద్దేశమే మామూలు పిల్లిక్కూడా జనంలో గౌరవం తేవాలని. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్‌కి మొదటి అధ్యక్షుడైన ఆ పెద్దమనిషే, సభ్యులకు పిల్లుల బాగు కంటే బహుమతుల మీద ధ్యాస ఎక్కువైందని తర్వాత బయటికి వచ్చేశాడు. హాల్లో కొందరు రిబ్బను రాలేదని మొహం ముడుచుకుని పిల్లిని విసురుగా క్యారియర్‌లో వేసినప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

ఇక ఏది మేలంటే, ఇంట్లో ఇప్పటికే పిల్లి ఉంటే దానితోనే హౌస్‌హోల్డ్ విభాగంలో మొదలుపెట్టండి, ఇందులో నాకు సందేహం లేదు. ఒక సంవత్సరం తిరిగాక కూడా జాతుల మీద మోజు పోకపోతే, అప్పుడు మూడో దారి ఉంది, దాని సంగతి చాలామందికి తెలీదు: ఆపరేషన్ చేయించిన జాతి పిల్లుల విభాగం. సీఎఫ్ఏలో ప్రీమియర్‌షిప్ అంటారు, టికాలో ఆల్టర్. మల్లి అందులోనే వెళ్తుంది. పిల్లల్ని పుట్టించే గొడవ లేదు, ఎద సీజన్ అరుపులు లేవు, మగపిల్లి గోడల మీద మూత్రం చిమ్మే వాసన లేదు, తీర్పు మాత్రం అదే ప్రమాణంతో. కొన్నిసార్లు బ్రీడర్లు ఛాంపియన్‌షిప్ (ఆపరేషన్ చేయించని జాతి పిల్లుల విభాగం) ఆట ముగిసిన పెద్ద పిల్లులకు ఆపరేషన్ చేయించి మంచి ఇళ్లకి ఇచ్చేస్తుంటారు, అవి హాలుకి అలవాటుపడి ఉంటాయి, అడిగి చూడండి. ఆపరేషన్ చేయించని జాతి పిల్లి మాత్రం బ్రీడింగ్‌లోకి దిగుదామనుకున్నవాళ్లకే, సరదాకి దిగేది కాదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న వేరు. షాపులో ముక్కు ఎంత నొక్కుకుపోయిందన్న లెక్కన డాల్ ఫేస్ అనో, సెమీ పంచ్ అనో, పంచ్ ఫేస్ అనో చెప్పి అమ్మిన పర్షియన్ ఉంటుంది, కాగితాలుండవు. కాగితాలు లేకపోతే ఇక్కడి, అంటే అమెరికా షోల లెక్కలో అది హౌస్‌హోల్డ్ పెట్టే, ఎంత ముక్కు నొక్కేసి ఉన్నా సరే. అందులో చిన్నతనమేమీ లేదు. మన వీధిపిల్లిని చిన్నచూపు చూడక్కర్లేదు కూడా, ఫెలైన్ క్లబ్ ఆఫ్ ఇండియా వాళ్లు దానికి ఇండిమావ్ అని పేరు పెట్టి షోలకు తెచ్చారు. మే నెల ఎండల్లో ఏసీ లేని ఇంట్లో పర్షియన్ రొప్పుతుంటే ఆ పక్కనే ఎండలో ఒళ్లు విరుచుకుని పడుకునేది అదే.

అన్నిటికన్నా ముందు పిల్లి స్వభావం చూసుకోండి. కొత్త మనిషి ఎత్తుకుంటే గోళ్లు దించే పిల్లికి ఏ విభాగమూ పనికిరాదు, జడ్జిని కరిస్తే ఆ రింగులో ఇక ఆట ముగిసినట్టే. ఆ ఒకావిడ పిల్లి పేరు లడ్డు. ఈ నెలంతా లడ్డుని క్యారియర్‌లో పెట్టి కార్లో తిప్పమన్నాను, ఇంటికొచ్చిన ప్రతి చుట్టం చేతా ఒక నిమిషం ఎత్తించమన్నాను, బల్ల మీద నిలబెట్టి ఈక బొమ్మతో ఆడించమన్నాను. నిన్న మెసేజ్ పెట్టారు, చుట్టాలకేం భయపడట్లేదట, కారెక్కితే మాత్రం కక్కేస్తోందట. షోకి ఇంకా ఆరు వారాలుంది, పొద్దున తిండి పెట్టకుండా తిప్పి చూడమన్నాను.