గ్రీసు దీవులకు పాత తెరచాప పడవా, కొత్తదా? ఏది మేలు?

గ్రీసుకు పడమటి వైపు అయోనియన్ సముద్రంలో ఉన్న లెఫ్కాడాలో బయల్దేరి మెగానిసి, ఇథాకా, కెఫలోనియా దీవులు చుట్టి రావడానికి వారం చాలు. పడవ అద్దెకు తీసుకునే దగ్గరే చిక్కు. పదిహేనేళ్ళ నాటి 38 అడుగుల బవేరియా కంపెనీ పడవ అద్దె, అదే కొలత ఉన్న కొత్త పడవతో పోలిస్తే చాలా తక్కువ. నలుగురు కలిసి వెళ్తుంటే పాతదే తీసుకోండి. కానీ పరుపులు వెలిసిపోయినా పర్వాలేదు గానీ, లంగరు గొలుసూ బ్యాటరీలూ తెరచాపలూ బాగుండి తీరాలి.

కొత్తదానికి పెట్టే అదనపు డబ్బు ఎక్కువగా సౌకర్యానికే పోతుంది: వెడల్పాటి డెక్, పెద్ద ఫ్రిజ్, సోలార్ పలకలు. బో థ్రస్టర్ (పడవ ముక్కును పక్కకు తోసే మోటారు) ఒక్కటే నిజంగా పనికొచ్చేది. ఇరుకు రేవుల్లో పక్కగాలి తోస్తున్నప్పుడు ముక్కును అదుపులో ఉంచుతుంది.

పాత పడవలో ముందు చూడాల్సింది లంగరు. ఈ దీవుల్లో చాలాచోట్ల ముందు లంగరు వేసి, వెనక్కి నడిపి, వెనక భాగాన్ని గట్టుకు కట్టాలి. గట్టుకు మూడు నాలుగు పడవల దూరంలో లంగరు దించాలి కాబట్టి గొలుసు 50 మీటర్లకు తగ్గకూడదు. పడవ అప్పగించేటప్పుడే ఇంజను నడుస్తుండగా పది మీటర్లు దింపించి, మళ్ళీ లాగించి చూడండి. గొలుసు లాగే మోటారు బ్రేకర్ ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. అది ట్రిప్ అయినప్పుడు మళ్ళీ వేయలేకపోతే గొలుసంతా చేతులతోనే లాగాలి.

తర్వాత బ్యాటరీలు. ఒడ్డు కరెంటు తీసేసి, ఫ్రిజ్, దీపాలు వేసి గంట ఆగండి. వోల్టేజి 12.2 కన్నా కిందికి జారితే మార్చమనండి. లేదంటే రాత్రికి ఫ్రిజ్ ఆగిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి, పొగగొట్టం నుంచి నీళ్ళు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే నీటి వాల్వు మూసి ఉండొచ్చు, లేదా ఇంజనును చల్లబరిచే నీటిని తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) అరిగి ఉండొచ్చు. స్పేర్ ఇంపెల్లర్, బెల్టు పడవలోనే ఉండాలి.

పాత పడవలో మాస్టు (తెరచాప స్తంభం) లోపలికి చుట్టుకునే తెరచాప వద్దు. సాగిపోయిన గుడ్డ మడతలు పడి, గాలి పెరిగినప్పుడే సందులో ఇరుక్కుంటుంది. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) మీదికి దించుకునే మామూలు తెరచాపే నయం. పడవ మీద ఉన్న పాత గీతలన్నీ ఫొటోలు తీసి, అప్పగింత కాగితంలో రాయించాకే సంతకం పెట్టండి. డిపాజిట్ తగాదాలు అక్కడే మొదలవుతాయి.

ఇదంతా అయోనియన్ వైపు మాట. అక్కడ వేసవిలో మధ్యాహ్నం లేచే వాయవ్యపు గాలి చాలారోజులు సాయంత్రానికి తగ్గుతుంది. తూర్పున ఏజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవుల్లో జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి, గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలులో 6, 7 దాకా రోజుల తరబడి వీస్తుంది. అనుభవం తక్కువైతే ఆ నెలల్లో అక్కడికి ఏ పడవైనా వద్దు.

గ్రీసులో పడవ నడిపేవారికి సర్టిఫికెట్ ఉండాలి, తోడుగా అనుభవమున్న మరొకరు కావాలి. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారు అక్కడి పడవల సంఘం ఆర్‌వైఏ నడిపే డే స్కిప్పర్ కోర్సు చేసి, ఐసీసీ అనే అంతర్జాతీయ పడవ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. సర్టిఫికెట్ లేకుండా హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో వచ్చేవాళ్ళు పడవ నడిపే స్కిప్పర్‌ను పెట్టుకోవాలి. ఆయనకు రోజుకూలీ, భోజనం, ఒక గది ఇవ్వాలి. మూడు గదుల పడవలో మిగిలేవి రెండే. ఆ ఖర్చంతా ఇద్దరే పంచుకోవాలి కాబట్టి, ఇద్దరే వెళ్తుంటే పాత పడవ కూడా చవక కాదు. ఫెర్రీల్లో తిరిగి, దీవుల్లో గది తీసుకోవడమే మేలు.