సర్వర్ లేవకపోతే లాగ్ చూడడమా, చేత్తో నడపడమా: ఏది మేలు?

నల్లగొండ, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో, దుకాణాల్లో చిన్న లినక్స్ సర్వర్లు చూసుకునేవారు తరచూ ఇదే అడుగుతుంటారు. సర్వీసును (తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌ను) స్టార్ట్ చేస్తే తెర మీద ఒక్క ముక్కా రాదు, తీరా చూస్తే ప్రోగ్రామ్ నడవడం లేదు. ముందు లాగ్ (జరిగినవి నమోదయ్యే చిట్టా) తిరగేయాలా, టెర్మినల్‌లో ఆ ప్రోగ్రామ్ కమాండ్‌ను మనమే టైప్ చేసి చేత్తో నడిపి చూడాలా?

లాగ్ జరిగిన సంగతే చెబుతుంది, అదే దాని బలం. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ రాసుకునే లాగ్‌ను జర్నల్ అంటారు, దాన్ని చూపే కమాండ్ జర్నల్‌సీటీఎల్ (journalctl). అందులో సర్వీసు ఆగిన కోడ్‌గా 203 కనిపిస్తే ప్రోగ్రామ్ ఫైలునే నడపలేకపోయిందని అర్థం: దారి తప్పో, అనుమతి లేకనో. 217 అయితే చాలాసార్లు సర్వీసుకు రాసిన యూజర్ ఆ మెషీన్‌లో లేడన్నమాట. కానీ ప్రోగ్రామ్ తన లాగ్ ఫైలు తెరవకముందే పడిపోతే ఆ ఫైలులో పాత వరుసలే మిగులుతాయి. డెబియన్, ఉబుంటుల్లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మరీ మాయదారిది. డేటాబేస్ పడిపోయి ఉన్నా postgresql సర్వీసు స్టేటస్ ‘యాక్టివ్’ అనే అంటుంది. ఆ సర్వీసు పేరుకు మాత్రమే. అసలు డేటాబేస్‌ను నడిపే క్లస్టర్‌కు వేరే సర్వీసు ఉంటుంది.

నా మొగ్గు చేత్తో నడపడం వైపే. పోర్టును (నెట్‌వర్క్ ద్వారం) మరో ప్రోగ్రామ్ పట్టుకుందనో, కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) సెమికోలన్ పోయిందనో అప్పటికప్పుడు తెర మీదే తెలుస్తుంది. అయితే ఏ యూజర్‌గా నడిపారన్నదే అసలు కీలకం. అన్ని అనుమతులూ ఉన్న రూట్ యూజర్‌గా నడిపితే చాలావరకు చక్కగా లేస్తుంది, దాంతో లేని ధైర్యం వస్తుంది. పైగా అప్పుడు పుట్టిన లాగ్ ఫైళ్లు, ప్రోగ్రామ్ నంబరు దాచే పీఐడీ ఫైళ్లు రూట్ పేరిట ఉండిపోతాయి. తర్వాత సర్వీసు వాటిలో రాయలేక చతికిలబడుతుంది, పాత జబ్బుకు కొత్తది తోడవుతుంది. అందుకే వేరే యూజర్‌గా నడిపించే సుడో (sudo -u) కమాండ్‌కు సర్వీసు యూజర్ పేరు ఇచ్చి నడపండి.

అలా నడిపినప్పుడు లేచి, సర్వీసుగా లేవకపోతే వెతకాల్సిన చోటు సగానికి తగ్గినట్టే. సిస్టమ్‌డీ మీ టెర్మినల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ (.bashrc) చదవదు, కమాండ్లను ఎక్కడ వెతకాలో చెప్పే మీ పాత్ (PATH) దానికి తెలియదు, వేరే చెప్పకపోతే పనిని రూట్ డైరెక్టరీ (/) నుంచే మొదలుపెడుతుంది. కాన్ఫిగ్‌లో ఫైలు దారి సగమే రాసి ఉంటే అక్కడే దొరికిపోతారు.

ఈ రెండూ తేల్చకపోతే, ప్రోగ్రామ్ సిస్టమ్‌ను అడిగే ప్రతి పనినీ వరుసగా చూపే ఎస్‌ట్రేస్ (strace) ఉంది. అనుమతి లేదన్న, ఫైలు లేదన్న వరుసలు చివరి నుంచి వెతికితే చాలు.

రీబూట్‌ను మాత్రం ఆఖరికి ఉంచండి. జర్నల్‌ను డిస్కు మీద దాచే ఏర్పాటు లేని మెషీన్‌లో అది మెమరీలోనే ఉంటుంది, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతుంది. చేయక తప్పకపోతే ముందు దాన్ని ఒక ఫైలులోకి కాపీ చేసుకోండి.