సీల్ చింపింది వాడు, మునిగింది నేను – సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ4 కెమెరా కొనేవాళ్ళు జాగ్రత్త

నిన్న మధ్యాహ్నం బెజవాడ నుంచి వచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు, కోపం ఇంకా తగ్గలేదు. అచ్చుతప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. మన పెళ్ళి ఫోటోల లైన్లో సెకండ్స్ బాడీలు, అంటే లెన్సు లేకుండా వాడేసిన కెమెరాలు కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. మెట్లెక్కి పైకెళ్ళగానే "రా అన్నా, టీ తాగుతావా" అంటాడు చూడండి, ఆయనే. ఆ టీ నాకు 11,500 రూపాయలు పడింది.

సంగతి గబగబా చెప్పేస్తాను. బుధవారం పొద్దున నా డీ750 కెమెరా షట్టర్ పోయింది. ఆ రాత్రే, అంటే గురువారం తెల్లవారుజామున 3:12కి పెళ్ళి ముహూర్తం. అడ్వాన్స్ ఎప్పుడో తీసుకుని ఖర్చుపెట్టేశాను. డీ4 బాడీ 52,000కి ఉందని తెలిసి ఏలూరు నుంచి పరిగెత్తాను. బాడీ బాగానే ఉంది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. గొడవంతా మెమరీ కార్డు దగ్గరే.

డీ4 ఎప్పుడూ పట్టుకోని కుర్రాళ్ళ కోసం ఒక మాట. 2012లో వచ్చిన కెమెరా అది. కార్డులకి రెండు స్లాట్లు. ఒకదాంట్లో పాత సీఎఫ్, అంటే కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పడుతుంది, రెండోదాంట్లో ఎక్స్‌క్యూడీ అనే ఇంకో రకం. ఎక్స్‌క్యూడీ పెట్టుకున్న మొట్టమొదటి కెమెరా అదే. మామూలుగా అందరూ వాడే ఎస్‌డీ కార్డుకి మాత్రం చోటు లేదు. నా బ్యాగులో ఉన్నవన్నీ ఎస్‌డీలు. అందుకే "బాడీతో పాటు ఒక ఎక్స్‌క్యూడీ కార్డు కూడా ఇచ్చెయ్యి" అన్నాను.

"ఎక్స్‌క్యూడీలు ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయన్నా? దాని బదులు ఇదే వస్తోంది. సైజు కూడా సేమ్" అని సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ టైప్ బి, 128 జీబీ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నా ఏడుపేంటంటే అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఎక్స్‌క్యూడీలు దొరకడం కష్టమే, లెక్సార్ వాళ్ళు 2018లోనే మానేశారు. దాని బదులు వచ్చింది సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్సే. సైజూ అచ్చం అదే, 38.5 మిల్లీమీటర్లకి 29.8.

"డీ4లో పనిచేస్తుందా?" అని అడిగాను. రెండుసార్లు అడిగాను. రెండోసారి అడిగినప్పుడు నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, ప్యాకెట్ మూల పంటితో చింపి, కార్డు తీసి, కెమెరా తలుపు తెరిచి స్లాట్లోకి తోశాడు. టిక్కుమంది. తలుపు మూసి, కెమెరాని పసిపిల్లని అందించినట్టు నా చేతుల్లో పెట్టి, "చూశావా అన్నా, కొలిచి కుట్టినట్టుంది" అన్నాడు.

ఆన్ చెయ్యమన్నాను. "బ్యాటరీలో చార్జింగ్ లేదన్నా, ఇంటికెళ్ళి పెట్టుకో. పెళ్ళుందన్నావు, మళ్ళీ బస్సు తప్పిపోతుంది."

నా బస్సు గురించి వాడికెంత ఆదుర్దానో! నేనూ తలూపాను. కార్డుకి 11,500 కలిపి మొత్తం 63,500 లెక్కపెట్టి ఇచ్చి మెట్లు దిగాను. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నవాణ్ణి, రెండు నిమిషాలు బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టమని అడగలేకపోయాను. కూరగాయల బండి దగ్గర వంకాయ కూడా చిదిమి చూస్తాం కదా.

ఇంటికొచ్చి చార్జింగ్ పెట్టి, తొమ్మిదిన్నరకి ఆన్ చేశాను. కెమెరా కార్డుని గుర్తించలేదు. తీసి పెట్టాను. చొక్కా కొసతో తుడిచి పెట్టాను. ఫార్మాట్ చేద్దామంటే, కార్డు ఉందని ఒప్పుకుంటేనే కదా ఫార్మాట్! షాపువాడికి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడు.

అప్పుడు పోపుల డబ్బా గుర్తొచ్చింది. మా ఆవిడ కొత్తది కొనుక్కుని పాతది పారేస్తుంటే కార్డులు దాచుకోడానికి నేను తీసుకున్నాను. మూత తీస్తే నా సర్వీసంతా గిన్నెకొక ముక్కగా కనిపించింది. పల్చటి స్మార్ట్‌మీడియా ఒకటి, నేను పని నేర్చుకున్న స్టూడియోలోది. ఆ రకం 128 ఎంబీ దాటకుండానే పోయింది. ఒలింపస్, ఫుజీ కలిసి 2002లో తెచ్చిన ఎక్స్‌డీలు రెండు, వేలిగోరంత. అవీ 2 జీబీ దగ్గర ఆగిపోయాయి. మా బావ దుబాయ్ నుంచి తెచ్చిన సోనీ తాలూకు మెమరీ స్టిక్ డ్యూయో. 1998 నుంచి సోనీ వాళ్ళు మా కార్డే మాది అని కూర్చుని, చివరికి 2010లో ఎస్‌డీకి దారిచ్చారు. అప్పట్లో వీటన్నిటినీ తిట్టుకున్నాను. ప్రతి కంపెనీకీ ఒక ఆకారమేంటి, మా డబ్బులు చెట్లకి కాస్తున్నాయా అని. ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలనిపిస్తోంది. ఎక్స్‌డీ తీసుకెళ్ళి సీఎఫ్ స్లాట్లో పెట్టమని ఎవడూ నన్ను మోసం చెయ్యలేడు. పట్టదు కాబట్టి అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఆకారం ఒకటే ఉండి లోపల మారినప్పుడే మనం మునిగేది. ఇది నాకు తెలియనిదీ కాదు, సిగ్గుచేటు. 2007లో అనుకుంటా, పాత చిన్న కెమెరాకి 4 జీబీ కార్డు కొన్నాను. చూడ్డానికి మామూలు ఎస్‌డీయే. కానీ అది అంతకు ముందు ఏడాది వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ, పాత కెమెరాలు దాన్ని చదవవు. ఆ రోజు ఏలూరు షాపు ముసలాయన "అయ్యో, నాకూ తెలీదు బాబూ" అని మారు మాట్లాడకుండా 2 జీబీది ఇచ్చి, మిగతా డబ్బు వెనక్కిచ్చారు. ఆయన ఇప్పుడు లేరు. ఉంటే వెళ్ళి కాళ్ళకి దండం పెట్టేవాణ్ణి.

డబ్బా అడుగున డీ300 నాటి సీఎఫ్ కార్డు ఒకటి దొరికింది. 8 జీబీ. డీ4 సీఎఫ్ స్లాట్లో పెడితే వెంటనే పలికింది. 1994లో పుట్టిన జాతి అది, ఇంకా మాట నిలబెట్టుకుంటోంది.

8 జీబీలో రా, అంటే తర్వాత సరిదిద్దుకోడానికి వీలుండే పెద్ద ఫైళ్ళు పెడితే నాలుగొందల ఫోటోలు కూడా పట్టవు. కుదించిన చిన్న ఫైలు, జేపెగ్ ఒక్కటే పెట్టుకుని బయల్దేరాను. రెండో కార్డులో బ్యాకప్ లేదు. జీలకర్ర బెల్లం దాటాను, మాంగల్యధారణ దాటాను. తలంబ్రాలకి వచ్చేసరికి కార్డు నిండిపోయింది. మండపంలో నిలబడి, ఒక పక్క దోసిళ్ళతో ముత్యాలూ బియ్యం ఎగురుతుంటే, నేను తల వంచుకుని పెళ్ళికొడుకు తరఫు బంధువుల గ్రూపు ఫోటోలు ఒక్కొక్కటీ డిలీట్ చేస్తున్నాను. వీడియో కుర్రాడి జేబులో గుప్పెడు ఎస్‌డీలున్నాయి, ఒక్కటీ నాకు పనికిరాదు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి "ఏం బాబూ, ఫోను చూసుకుంటున్నావా?" అన్నారు. ఫోను కాదండీ, కెమెరా అన్నాను. ఆయన చూసిన చూపు ఇంకా వీపుకి అంటుకునే ఉంది. నాయనమ్మగారు తలంబ్రాలు పోసే ఫోటో కావాలని ముందే మరీ మరీ చెప్పారు. అది లేదు. ఉన్నవాటిలోనూ హాలోజెన్ లైట్లకి మొహాలు పసుపు ముద్దలు. రా ఉంటే సరిదిద్దేవాణ్ణి, జేపెగ్‌లో ఎంతని లాగుతాం?

గురువారం పడుకోకుండా కూర్చుని చదివాను. కొనకముందు చదవాల్సింది కొన్నాక చదివాను. ఎక్స్‌క్యూడీ, సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ బి ఒకే స్లాట్లో పట్టినా మాట్లాడే పద్ధతి వేరు. కొత్తది ఎన్‌వీఎంఈ అనే పద్ధతిలో మాట్లాడుతుంది, అది కెమెరాకి నేర్పాలి. నికాన్ వాళ్ళు జడ్6, జడ్7 కెమెరాలకి 2019 డిసెంబరులో ఫర్మ్‌వేర్, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్ ఇచ్చి నేర్పారు. డీ5, డీ850, డీ500లకి 2020 డిసెంబరులో. డీ4కి ఇవ్వలేదు. అంటే ఆ కార్డు నా కెమెరాలో పట్టగలదు గానీ పలకలేదు. బల్ల వెనక కూర్చుని రోజూ ఇవే అమ్మేవాడికి ఇది తెలీదంటే నేను నమ్మను.

శుక్రవారం, అంటే నిన్న, మళ్ళీ మెట్లెక్కాను. టీ లేదు. "అన్నా" కూడా లేదు.

"చూడండి సార్" అని మొదలుపెట్టాడు. మొన్న అన్నని, రెండు రోజుల్లో సార్‌ని అయిపోయాను. ఆ పిలుపు వినగానే నా డబ్బులు రావని అర్థమైపోయింది. "మేం కార్డిచ్చాం. పట్టిందా లేదా? పట్టింది. చదవట్లేదంటే మీ కెమెరాలో ప్రాబ్లం."

"కెమెరా కూడా నీ దగ్గరే కొన్నాను కదయ్యా!"

"అది సెకండ్స్ సార్. సెకండ్స్‌కి గ్యారంటీ ఉండదు."

"సరే, కార్డు కొత్తదేగా, వెనక్కి తీసుకో."

"సీల్ చింపేశారు కదా సార్. సీల్ చింపిన కార్డు మేం తీసుకోం."

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. నా కళ్ళ ముందు వాడి పళ్ళతో చింపిన సీల్ అది! ఆ మాటే అన్నాను, గట్టిగానే అన్నాను. వాడు నా వైపు చూడకుండా పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళతో "ఇరవై ఏళ్ళ నుంచి ఫోటోలు తీస్తున్నారంట, తన కెమెరాకి ఏ కార్డు పడుతుందో తెలీదంట" అన్నాడు. వాళ్ళు నవ్వారు. 11,500 పోతే సంపాదించుకుంటాను. ఆ నవ్వు మాత్రం ఇప్పుడు టైప్ చేస్తుంటే కూడా చెవుల్లో ఉంది. ఇంకా మంట ఎందుకంటే, వాడన్నది నిజమే. నాకు తెలిసి ఉండాలి.

దేవుడున్నాడనిపించింది ఒక్కటే. నవ్విన కుర్రాళ్ళలో ఒకడు సోనీ ఏ7ఎస్ 3కి కార్డు కొంటున్నాడు. బల్ల మీద ఉన్నది నాకు అంటగట్టిన టైప్ బియే. "బాబూ, సోనీకి టైప్ ఏ కావాలి, అది ఇంకా చిన్నగా ఉంటుంది, ముందు స్లాట్లో పెట్టి చూసుకో" అన్నాను. పెట్టి చూశాడు. దూరలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. షాపాయన మొహం చూడాలి, ఆముదం తాగినట్టు. "సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కావాలి" అంటే చాలదని ఆ కుర్రాడికి రూపాయి ఖర్చు లేకుండా తెలిసింది, నాకు పెళ్ళి ఖర్చయింది.

అసలు ఈ పేర్లు పెట్టినవాళ్ళని అనాలి. సీఎఫ్, సీఫాస్ట్, సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్. ముగ్గురికీ ఇంటిపేరు ఒకటే, ఒకరి గుమ్మంలోకి ఒకరు అడుగుపెట్టరు. కెనాన్ 1డీ ఎక్స్ మార్క్ 2లో ఒక స్లాట్ సీఎఫ్, పక్కది సీఫాస్ట్. చీకట్లో తడుముకుని మార్చి పెట్టామంటే అంతే సంగతులు. సెకండ్స్‌లో ఏది కొన్నా సీఎఫ్ స్లాట్ ఉంటే లోపలికి టార్చి వేసి చూడండి. 50 పిన్నులు సన్న సూదుల్లా ఉంటాయి, ఒక్కటి వంగినా ఆ స్లాట్ పని అయిపోయినట్టే.

బిల్లు చూసుకున్నాను. "బాడీ 1, మెమరీ కార్డ్ 128 జీబీ 1" అని చేత్తో రాసిన ముక్క. ఏ రకం కార్డో లేదు, ఏ కెమెరాకో లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి సోమవారం ఫోన్ చేస్తాను. ఈ బిల్లుతో ఏమవుతుందో చూడాలి. మీరు మాత్రం కార్డు పూర్తి పేరు, "ఫలానా మోడల్‌లో పనిచేస్తుంది" అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే దిగి వచ్చేయండి. బ్యాటరీ చార్జింగ్ చేసుకుని మీతో తీసుకెళ్ళండి. వాళ్ళ ముందే ఆన్ చేసి, ఫార్మాట్ చేసి, పది ఫోటోలు తీసి, తిరిగి తెరిచి చూశాకే డబ్బులు. సీల్ ఎవరు చింపుతున్నారో ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది, నవ్వులాట కాదు. కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండే ఎంబీల లెక్క చూసి మోసపోకండి, అది చాలావరకు చదివే వేగం. ఎస్‌డీల మీద వీ30, వీ60, వీ90 అని చిన్నగా ఉంటుంది, సెకనుకి కనీసం అన్ని ఎంబీలు రాస్తుందని. వీడియో తీసేవాళ్ళు అది చూడాలి.

ఇక నా దగ్గర ఆ కార్డు అలాగే ఉంది. జడ్6, జడ్7, డీ850, డీ500 ఉన్నవాళ్ళు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసుకుని ఉంటే 9,000కి ఇచ్చేస్తాను. ఏలూరు వచ్చి, మీ కెమెరాలో పెట్టి, ఆన్ చేసి, ఫోటోలు తీసుకుని చూశాకే డబ్బులివ్వండి. టీ కూడా నేనే ఇప్పిస్తాను. ఎవరి దగ్గరైనా వాడని ఎక్స్‌క్యూడీ 32 జీబీది ఉన్నా చెప్పండి, వచ్చే బుధవారం ఇంకో పెళ్ళుంది.